పాప ఉంగరాల జుట్టు: తెగడం ఆపితే పొడవు నిలుస్తుందా? ఏడాది డైరీ

జూన్ 2024

పాపకు తిరుమల కల్యాణకట్టలో గుండు చేయించింది 2022 మే నెలలో. కాబట్టి ఇప్పుడు తల మీదున్న ఏ వెంట్రుకకూ రెండేళ్ల ఒక నెలకు మించి వయసు లేదు. జుట్టు నెలకు సుమారు ఒకటి నుంచి ఒకటింబావు సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన ఈపాటికి 25 నుంచి 30 సెంటీమీటర్లు ఉండాలి. నడినెత్తి మీది ఒక పాయను నిటారుగా సాగదీసి టైలర్ టేపుతో కొలిస్తే 16 వచ్చింది. చెవి పైన 12, మెడ మీద 9.

మిగతాది ఏమైనట్టు? మా అత్త ఎప్పుడూ చెప్పే జవాబు ఒకటే: "వీళ్ల నాయన తట్టు అందరిదీ అంతేలే, చెవుల కిందికి దిగదు." నాకు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. గుండు చేయించాక మొదటి ఏడాది ఫోటోలు వరసగా చూస్తే నెలనెలా పెరిగినట్టు స్పష్టంగా కనిపిస్తోంది. ఒక పొడవు వచ్చాకే ఆగింది. కుదుళ్ల దగ్గర ఎంత పెరుగుతోందో చివర్ల దగ్గర అంతా తెగిపోతుంటే, చూసేవాళ్లకు పెరగనట్టే ఉంటుంది. అందుకే ఈ ఏడాది పని ఇది: తెగడం తగ్గించి, పొడవు నిలుస్తుందో లేదో కొలిచి రాసుకోవడం.

తెగుతోందనడానికి ముందు రుజువు కావాలి. దువ్వినప్పుడు వచ్చిన వెంట్రుకలను తెల్ల కాగితం మీద పరిచి కిటికీ దగ్గర చూశాను. వేరుతో సహా ఊడినదానికి ఒక కొసన చిన్న తెల్లటి బుడిపె ఉంటుంది. అది కాలం తీరి రాలినది. పెద్దవాళ్లలో రోజుకు 50 నుంచి 100 వరకు అలా రాలడం మామూలే. బుడిపె లేకుండా పొట్టిగా ఉంటే అది మధ్యలో విరిగిన ముక్క. కాగితం మీద ఉన్నవాటిలో ఎక్కువ భాగం ముక్కలే. కొన్ని రెండు వేళ్ల వెడల్పు కూడా లేవు.

అవి ఎక్కడివో తల చూస్తే తెలిసిపోయింది. బడికి వేసే రెండు జడల మొదట్లో రబ్బర్ బ్యాండ్ బిగించే చోట చుట్టూ పొట్టి పోచలు లేచి ఉన్నాయి. కణతల దగ్గర, మెడ మీద కాలర్ రాసుకునే చోట కూడా అంతే.

ఉంగరాల జుట్టు ఇంత తేలిగ్గా తెగడానికి దాని ఆకారమే కారణం. నిటారు వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే దాదాపు గుండ్రంగా ఉంటుంది. ఉంగరాల వెంట్రుక కొంచెం నొక్కినట్టు, కోలగా ఉంటుంది. మెలిక తిరిగిన ప్రతి చోటూ ఒక బలహీనమైన చోటే. వెంట్రుక పైపొర ఇంటి కప్పు మీద పెంకులు పేర్చినట్టు ఉంటుంది. మెలికల దగ్గర ఆ పెంకుల అంచులు లేచి పక్క వెంట్రుకను పట్టుకుంటాయి, చిక్కు పడుతుంది. మాడులో ఊరే నూనె కూడా మెలికలు దాటుకుని చివరిదాకా దిగదు. అందుకే పాప మాడు జిడ్డుగా ఉన్నా చివర్లు పీచుగా ఉంటాయి.

జూన్ నెలాఖరు, నీళ్ల సంగతి

మా వీధిలో అందరివీ బోరు నీళ్లే. బకెట్ అంచున తెల్లటి పెచ్చు కడుతుంది, గీజర్ రాడ్డు తీసి చూస్తే సున్నం పట్టి ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం లవణాలున్న ఈ నీళ్లలో సబ్బుతో తల రుద్దితే నురగకు బదులు తెల్లటి ముద్ద తయారై వెంట్రుకలకు అంటుకుంటుంది. ఎంత కడిగినా గరుకు పోదు. పాప తలకు సబ్బు వాడటం ఈ నెలతో పూర్తిగా ఆపించాను.

కుంకుడుకాయకు ఆ ముద్ద బాధ లేదు. కాని చిక్కగా పోస్తే ఉన్న కాస్త నూనెనూ లాగేస్తుంది. మా అత్తకు కుంకుడు తప్ప వేరేది పనికిరాదు. కాబట్టి పలచగా పిసికి, పల్చటి బట్టలో వడగట్టి, నెలకోసారి ఆవిడ చేతనే పోయిస్తున్నాను. వడగట్టడం తప్పనిసరి, పిప్పి ఉంగరాల్లో ఇరుక్కుంటే తీయడం నరకం. శీకాయ పొడి కూడా అందుకే మానేశాను. మిగతా వారాల్లో ఘాటు లేని షాంపూ, మాడుకు మాత్రమే. నురగ కిందికి జారుతూ చివర్లను కడుగుతుంది, వాటిని విడిగా రుద్దాల్సిన పని లేదు.

ఆఖరి రెండు చెంబులు తాగే నీళ్ల క్యాన్‌లోవి పోస్తున్నాను. ఖర్చు రెండు రూపాయలు కాదు, తేడా మాత్రం వేళ్లకు తెలుస్తుంది. నా మటుకు ఇప్పటిదాకా చేసినవాటిలో ఇంత చవగ్గా ఇంత మేలు చేసింది మరొకటి లేదు.

జూలై

ఆషాఢం. ఇంటి వెనక గోరింటాకు కోసి రుబ్బాం. చేతులకు పెట్టాక మిగిలిన ముద్దను పాప చెవి వెనక ఒక్క సన్నటి పాయకు కుదురు దాకా పట్టించాను. నల్లటి జుట్టు మీద గోరింటాకు పండినా మామూలుగా కనపడదు, ఎండలో చూస్తే ఎర్రగా మెరుస్తుంది. ఇక మీదట కుదురు నుంచి కొత్తగా వచ్చేది నల్లగా వస్తుంది. ఆ నలుపు ఎంత పొడవుంటే అంత పెరిగినట్టు. తల మొత్తానికి పెట్టలేదు, గోరింటాకుకు జుట్టును ఎండబెట్టే గుణం ఉంది.

ఈ నెలంతా చిక్కు తీయడం మీదే పెట్టాను. కడప వై.వి. స్ట్రీట్ బజారులో వెడల్పు పళ్ల దువ్వెన ఒకటి కొన్నాను. పళ్ల మధ్య నా చిటికెన వేలు పట్టేంత సందు ఉంది. కొనేముందు ప్రతి పన్ను పక్కన వేలితో తడిమి చూశాను. అచ్చు పోసినప్పుడు మిగిలిన సన్నటి ప్లాస్టిక్ గీత ఉంటే అది వెంట్రుకను గీకుతుంది.

నిటారు జుట్టును ఆరాక దువ్వమంటారు, అది సబబే. తడిసిన వెంట్రుక బాగా సాగుతుంది, సాగదీసి లాగితే తెగుతుంది. కాని ఉంగరాల జుట్టును పొడిగా దువ్వితే ఒకదానికొకటి రాసుకుని అంతకంటే ఎక్కువ తెగుతుంది. కాబట్టి తడి మీదే, చేతికి జారేంత కండిషనర్ రాసి దువ్వాలి. తలను నాలుగు భాగాలు చేసి మూడింటికి క్లిప్పులు పెట్టేస్తాను. నాలుగోదాన్ని ముందు వేళ్లతో విడదీస్తాను. తర్వాత దువ్వెన కొసల దగ్గర మొదలుపెట్టి, అక్కడ సాఫీ అయ్యాక రెండంగుళాలు పైకి, మళ్లీ కొంచెం పైకి. చిక్కుకు పైన పాయను ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుంటే లాగిన లాగుడు మాడుకు చేరదు. పాప ఏడవకుండా కూర్చోవడం అప్పటి నుంచే మొదలైంది. ముందు "నొప్పమ్మా, మెల్లగా" అంటూ రెండు చేతులతో తల పట్టుకునేది. ఇప్పుడు బొమ్మల పుస్తకం ఒళ్లో పెట్టుకుంటుంది.

ముడి విడకపోతే కత్తెర తీయను. దాని మీద ఇంకొంచెం కండిషనర్ వేసి, వేలి కొసలతో ఒక్కో పోగు పక్కకు లాగుతూ పోతే విడుతుంది. పట్టువిడవకుండా కూర్చోవాలి, అంతే.

పేల సంగతి కూడా ఇక్కడే రాసుకోవాలి. బడికి వెళ్లే పిల్ల, తప్పదు. పొడి తల మీద పేల దువ్వెన లాగితే పేలతో పాటు జుట్టూ వస్తుంది. వెడల్పు దువ్వెనతో చిక్కంతా తీసి, కండిషనర్ ఉండగానే పేల దువ్వెన వేస్తే సాఫీగా దిగుతుంది. కండిషనర్‌లో పేలు చురుగ్గా కదలలేవు, పళ్లకు దొరికిపోతాయి. తుడవడానికి తెల్ల కాగితం పక్కన ఉంచుకుంటే ఎన్ని వచ్చాయో కూడా కనపడుతుంది.

ఆగస్టు

నూనె విషయంలో ఇంట్లో చర్చ జరిగింది. మా అత్తది ఆముదం, నాది కొబ్బరినూనె.

కొబ్బరినూనెకు ఒక ఆధారం ఉంది. 2003లో ఆర్తి రేలే, ఆర్.బి. మొహిలే కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. తలస్నానానికి ముందు రాసినా తర్వాత రాసినా వెంట్రుకలోని ప్రొటీన్ కారిపోవడాన్ని బాగా తగ్గించగలిగింది కొబ్బరినూనె ఒక్కటే. అందులో ఉండే లారిక్ ఆమ్లం అణువు చిన్నది, సూటిగా ఉంటుంది. వెంట్రుక లోపలికి దిగుతుంది. లోపల నూనె ఉంటే తడిసినప్పుడు వెంట్రుక మరీ ఉబ్బదు. తడిసి ఉబ్బడం, ఆరి ముడుచుకోవడం పదే పదే జరిగితే పైపొర దెబ్బతింటుంది.

ఆముదం చిక్కన, పైనే నిలుస్తుంది. చివర్లకు రెండు చుక్కలు రాస్తే మంచి కాపు. తలంతా పట్టించి ఆ జిగట మీద దువ్వెన వేస్తే మాత్రం లాగుడే. "అట్లయితే నూనె నేను పెడతా, దువ్వేది నువ్వు దువ్వుకో" అనింది మా అత్త. అదే ఒప్పందం. శనివారం రాత్రి కొబ్బరినూనెలో కాస్త ఆముదం కలిపి ఆవిడ పెడుతుంది. ఆవిడ చేతి వేళ్లు మాడు మీద తిరుగుతుంటే పాప అలాగే నిద్రపోతుంది. ఆదివారం పొద్దున తలస్నానం, తడి మీద దువ్వడం నాది.

స్నానమయ్యాక తువాలు చుట్టి రుద్దడం మానేశాం. వాళ్ల నాయన పాత కాటన్ బనియన్ ఒకటి దానికే పెట్టాను. రుద్దకుండా కింది నుంచి పైకి పిడికిట్లో ఒత్తితే నీళ్లు పీలుస్తుంది, ఉంగరాలు చెదరవు.

సెప్టెంబర్

ఇక బడి జడలు. రోజూ జరిగేది ఇదే కాబట్టి అసలు పని ఇక్కడే ఉంది.

జడ నిజానికి జుట్టుకు రక్షణే. కొసలు లోపలికి దాగుతాయి, గాలికి చిక్కు పడవు, రోజంతా ముట్టుకోనక్కర్లేదు. చేటు చేసేది బిగువు. ఉంగరాల జుట్టు లేచి నిలబడుతుందని నీళ్లు కొట్టి, గట్టిగా దువ్వి, మొదట్లోనే రబ్బర్ బ్యాండ్ మూడు చుట్లు తిప్పి అల్లుతారు. తడిలో సాగిన జుట్టు ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, ఆ బిగువంతా కుదుళ్ల మీద పడుతుంది. ఏళ్ల తరబడి అలా లాగితే కణతల దగ్గర జుట్టు పలచబడుతుంది. డాక్టర్లు దాన్ని ట్రాక్షన్ అలోపేసియా అంటారు. మొదట్లో ఆపితే తిరిగి వస్తుంది. మరీ ముదిరితే కుదుళ్లే పోతాయి. జడ వేశాక పాప కనుబొమ్మలు పైకెత్తి చూడమంటాను. నుదుటి చర్మం పట్టేసినట్టుందని చెబితే విప్పి మళ్లీ వేస్తాను. కణతల దగ్గర చిన్న చిన్న పొక్కులు వచ్చినా అది బిగువుకు గుర్తే.

ఇప్పుడు వేసే తీరు ఇలా ఉంది. ముందు రోజు రాత్రే వేళ్లతో పాపిడి తీసి పెట్టుకుంటాను. పొద్దున చేతులు తడి చేసుకుని, అరచేతిలో చుక్క కొబ్బరినూనెతో పైపైన నిమురుతాను. మొదట్లో బ్యాండ్ లేకుండా నేరుగా మూడు పాయలు తీసుకుంటాను. మొదటి రెండు అల్లికలు వదులు, కిందికి వచ్చేకొద్దీ మామూలు. కొసలకు బట్ట చుట్టిన బ్యాండ్. రిబ్బన్ నైలాన్ కాకుండా సాటిన్‌ది. జడ మొదలయ్యే చోటును ఒక వారం చెవి వెనక, ఒక వారం కొంచెం పైన, ఇంకో వారం మెడ వైపు మారుస్తాను, ఒకే చోట రోజూ లాగుడు పడకుండా.

క్లాసు టీచరును కలిసి ముందే చెప్పాను. "మేడమ్, రెండు జడలూ రిబ్బనూ ఉంటాయి. నీళ్లు కొట్టి అణచడం మాత్రం చేయను, జుట్టు తెగుతోంది" అని. ఆవిడ ఒక నిమిషం పాప తల చూసి, "పాపిడి చక్కగా ఉంటే చాలు మేడమ్, ఎవరైనా అడిగితే నేను చెప్తాను" అన్నారు. ఆ మాట ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. క్లాసులో కొందరు పిల్లలు పాపను పిచ్చుకగూడు అని పిలుస్తారు. బస్సులో తెలియని పెద్దవాళ్లు కూడా "ఏం పాపా, మీయమ్మ తల దువ్వలేదా?" అంటారు. పుట్టుకతో వచ్చిన జుట్టు తీరును పట్టుకుని బడిలో, ఉద్యోగంలో వివక్ష చూపకూడదని అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో చట్టమే చేసింది. ఇది చిన్న విషయం కాదని అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పోరాడి ఒప్పించారు. పాపకు ఈ సంగతి తనకు అర్థమయ్యే మాటల్లో చెప్పాను.

అక్టోబర్, దసరా సెలవులు

ముందు గోరింటాకు పాయ. ఎండలో కూర్చోబెట్టి కొలిచాను. ఎరుపుకూ మాడుకూ మధ్య నలుపు మూడున్నర సెంటీమీటర్లు. ఆషాఢం నుంచి దసరాకు మూడు నెలలు. అందరు పిల్లలకూ పెరిగినట్టే పెరుగుతోంది. టేపును మా అత్త చేతికే ఇచ్చి చూడమన్నాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూసింది. "అంటే ఇన్నాళ్లూ తెగి పోతాండెనా!" అనింది. ఆ రోజు నుంచి ఇంట్లో "పెరగదు" అన్న మాట ఆగిపోయింది.

సెలవుల్లో బడి జడలు లేవు కాబట్టి రెండు పాయల మెలిక వేసి చూశాను. ఇంగ్లీషులో ట్విస్ట్ అంటారు. ఉంగరాల జుట్టును తెగకుండా ఎలా కట్టుకోవాలన్న జ్ఞానం చాలా వరకు ఆఫ్రికాది, ఆఫ్రికా మూలాలున్న ఆడవాళ్లది. వాళ్ల జుట్టు పాప జుట్టు కంటే బిగుతైన మెలికలది, అందుకే వాళ్లు కనిపెట్టిన పద్ధతులు అంత లోతుగా ఉంటాయి. అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే హెయిర్ స్టైలిస్టు ఆండ్రే వాకర్ 1990లలో జుట్టును నాలుగు రకాలుగా విడదీశాడు. ఒకటి నిటారు, రెండు అలలు, మూడు ఉంగరాలు, నాలుగు బిగుతు మెలికలు. పాపది మూడోదాంట్లో బిగువైనది, ఒక్కో ఉంగరం పెన్సిల్ లావు. నాలుగో రకానికి చెప్పిన, జుట్టుకు రాసే వెన్నలాంటి బరువైన క్రీములు పాప తలకు జిడ్డవుతాయి. మెలికలు మాత్రం బాగా కుదిరాయి.

తడి పాయను రెండుగా చీల్చి, ఒక్కోదాన్ని కుడివైపు తిప్పుతూ, రెండింటినీ ఎడమవైపుకు చుట్టుకుంటూ పోవాలి. అప్పుడే విడిపోకుండా ఉంటుంది. మూడు పాయల జడ కంటే ఇది విప్పడం తేలిక, విప్పేటప్పుడు తెగేది తక్కువ. తల మొత్తానికి పన్నెండు వేశాను. ఐదారు రోజులు ఉంచి విప్పాను. అంతకంటే ఎక్కువ రోజులు ఉంచితే రాలిన వెంట్రుకలు లోపలే చిక్కుకుని ముడులు పడతాయి.

పట్టు నిలవడానికి అవిసె గింజల జెల్ చేశాను. పావు గ్లాసు గింజలు, రెండు గ్లాసుల నీళ్లు, సన్న మంట, కలుపుతూ ఉండాలి. చెంచా ఎత్తితే తీగ సాగుతున్నప్పుడు దింపేసి, వేడి మీదే పల్చటి బట్టలో వడగట్టాలి. చల్లారితే ఇక బట్టలోంచి దిగదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. వాసన మారితే పారబోయాలి.

చిట్లిన చివర్లు కూడా ఈ సెలవుల్లోనే కత్తిరించాను. కత్తిరిస్తే జుట్టు వేగంగా పెరగదు, పెరిగేది కుదురు దగ్గర. కాని చిట్లిన కొస అలాగే వదిలితే చీలిక పైకి పాకుతుంది, అప్పుడు ఎక్కువ పోతుంది. మెలికలు వేసినప్పుడు కొసల్లో బయటికి పొడుచుకొచ్చినవే, బట్టలకు వాడని కత్తెరతో, అర సెంటీమీటరు.

డిసెంబర్

చలిగాలి, పొడి. రాసేంత కొత్తది లేదు. ధర్మవరం పట్టు జాకెట్ ముక్క ఒకటి జరీ లేనిది ఉంటే దిండుకు గలీబు కుట్టించాను. తలకు గుడ్డ కడితే పాప నిద్రలో లాగేస్తుంది, గలీబయితే ఎటు దొర్లినా ఉంటుంది. నూలు గలీబు మీద పొద్దున కనిపించే పొట్టి ముక్కలు దీని మీద బాగా తగ్గాయి.

ఫిబ్రవరి 2025

ప్రొద్దుటూరులో పెళ్లి. పాపకు పూల జడ వేయాలని అందరి ముచ్చట, నాక్కూడా. చిక్కెక్కడంటే, పూల జడ వేసేవాళ్లు ముందు జుట్టును వెనక్కి దువ్వి ఉబ్బించి స్ప్రే కొడతారు, సవరం పెట్టి పిన్నులతో బిగిస్తారు, దాని మీద తడి మల్లెపూల బరువు. మా చిన్నమ్మ కూతురు ఇంకో సలహా ఇచ్చింది: "అక్కా, ఒక్కసారి స్మూతనింగ్ చేయించు, ఈ బాధలన్నీ పోతాయి." స్మూతనింగ్ అంటే పార్లర్‌లో మందులతో ఉంగరాలను సాపు చేయడం. అందులో కెరాటిన్ పేరుతో చేసేవాటిలో చాలావరకు వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన ఆవిరి విడుదల చేస్తాయి. చిన్నపిల్ల తల మీద ఆ మాటే లేదని చెప్పాను.

జడ నేనే వేశాను. వదులుగా ఒకే జడ అల్లి, దాని వెంట ఒక సన్నటి బట్ట పట్టీని పై నుంచి కింది దాకా కుట్టినట్టు అల్లికల్లోంచి దూర్చాను. పూలదండను జుట్టుకు కాకుండా ఆ పట్టీకి దారంతో కట్టాను. బరువు జడంతా పంచుకుంటుంది, ఏ ఒక్క పాయా లాగదు. సవరం వద్దని చెప్పి, జడగంటలు కూడా పట్టీకే వేలాడదీశాను. జడ పొట్టిదే, అయినా పూలతో నిండుగా ఉంది. తాళి కట్టడం అయిపోగానే దారాలు కత్తిరించి దండ మొత్తం ఒకేసారి తీసేశాను. పాప తల విదిలించుకుని పిల్లల్లోకి పరుగెత్తింది.

ఇప్పుడు బడి జడలు మడిచి కట్టేంత పొడవయ్యాయి. మడత దగ్గర రిబ్బన్ ముడి గట్టిగా పడకుండా, రిబ్బన్‌ను మడతలోంచి దూర్చి పక్కన ముడి వేస్తున్నాను.

మే 2025

ఎండలు 40 దాటాయి. చెమటకు మాడు దురద పెడుతోంది కాబట్టి వారం మధ్యలో ఒకసారి ఉత్త నీళ్లు, కండిషనర్. నూనె సగానికి తగ్గించాం.

కొలతలు. నడినెత్తి 26, చెవి పైన 21, మెడ మీద 15.

నడినెత్తిన పదకొండు నెలల్లో పది సెంటీమీటర్లు నిలిచింది, పెరిగినదాంట్లో చాలా భాగం. కణతల దగ్గర రబ్బర్ బ్యాండ్ చేసిన పొట్టి పోచలు ఇప్పుడు జడలో కలిసేంత అయ్యాయి. కాగితం మీద ముక్కలకంటే బుడిపె ఉన్న పొడుగు వెంట్రుకలే ఎక్కువ.

మెడ మీద మాత్రం ఆరే. పెరిగినదాంట్లో సగం పోతోంది. ఆ జుట్టు జడలోంచి జారి రోజంతా యూనిఫాం కాలర్‌కు రాసుకుంటుంది. ఆ కాలర్ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన ముతక గుడ్డ. కాలర్ వల్లనా, లేక మెడ మీద జుట్టు పెరగడమే నెమ్మదా అన్నది తేలాలి. బడి తెరిచేలోపు కొత్త యూనిఫాం కాలర్ లోపలి వైపు సాటిన్ పట్టీ వేయమని టైలరుకు ఇచ్చి వచ్చాను. వచ్చే ఆషాఢంలో గోరింటాకు మెడ మీది పాయకు పెడతాను, దసరాకు కొలుస్తాను.